ఫొటోలో ఉన్నది ఎవరో చెప్పేవాళ్లు ఉండగానే

నెహ్రూ నగర్‌లో మా వీధి చివర ఒక పాత ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టడం మొదలుపెట్టారు. ఆ ఇంటాయన భిలాయి మార్షలింగ్ యార్డులో పనిచేసి రిటైరైన రైల్వే మనిషి. పోయి చాలా ఏళ్లయింది. అటక మీది సామాను కబాడీ బండికి ఎక్కుతుంటే, నవారుతో బిగించి కట్టిన కాగితాల కట్ట ఒకటి కనిపించింది. విప్పి చూస్తే పాత సిబ్బంది పత్రికలు. రైల్వే జోను తన ఉద్యోగుల కోసం అచ్చువేసి పంచిపెట్టేవి. ఎవరు రిటైరయ్యారు, ఏ షెడ్డు జట్టు ఫుట్‌బాల్ కప్పు గెలిచింది, ఏ గార్డు చూపిన మెలకువ వల్ల ప్రమాదం తప్పింది, ఎవరి అమ్మాయి మెట్రిక్‌లో ఫస్టు క్లాసు తెచ్చుకుంది, ఇలాంటి కబుర్లే పేజీల నిండా. తూకం వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. పాత ఇనుము కన్నా చవగ్గా వచ్చాయి.

ఒక సంచికలో గ్రూపు ఫొటో ఉంది. ముందు వరసలో కుర్చీల్లో ఇద్దరు, వెనక నిలబడి తొమ్మండుగురు. కింద అచ్చులో కుర్చీల్లో ఉన్న ఇద్దరు అధికారుల పేర్లు, హోదాలతో సహా ఉన్నాయి. మిగిలిన తొమ్మండుగురికీ కలిపి ఒకే మాట: 'సిబ్బంది'.

మా పక్కింట్లో ఎనభై దాటిన మామ్మగారున్నారు. శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వచ్చి, యార్డు పక్క క్వార్టర్లలో సంసారం చేసిన మనిషి. ఆవిడ ముందు ఆ పేజీ పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని కాసేపు చూసి, వేలితో ఒక్కొక్కరినే చూపిస్తూ ఆరుగురి పేర్లు చెప్పారు. ఊళ్లతో సహా. ఒకాయన ముఖం అచ్చులో నల్లటి మరక. "ఇది ఎవరో ఎలా తెలిసింది మామ్మగారూ?" అంటే, "ముకం ఎవుడికి కావాల బాబూ, ఆ నిలబడ్డ తీరు సూడు. ఎడం కాలి మీదే బరువేస్తాడు. మా మరిది కాదేటి!" అన్నారు.

ఆ సాయంత్రం నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. పాత పత్రికల్ని కాపాడటం అనగానే మనం కాగితం గురించి మాట్లాడతాం. స్కానర్ల గురించి, సర్వర్ల గురించి, నిధుల గురించి మాట్లాడతాం. నిజానికి ముందుగా పోతున్నది కాగితం కాదు. ఈ పేజీని చూసి 'వీడు మా మరిది' అనగలిగే మనుషులు. కాగితాన్ని సరిగ్గా దాస్తే ఇంకో ముప్పై ఏళ్లు ఓపిక పడుతుంది. ఎనభై రెండేళ్ల జ్ఞాపకానికి అంత వ్యవధి లేదు. కాబట్టి మన పని వరసను తిరగెయ్యాలని నా వాదన. ముందు చవకగా, వేగంగా, ఫోనుతోనైనా సరే బొమ్మలు తీసి పెద్దవాళ్ల ముందు పెట్టాలి. నాణ్యమైన స్కానింగు ఆ తరువాత. గ్రంథాలయ నిపుణుల్లో చాలామందికి ఈ మాట రుచించదు. ఒకసారే చేయాలి, సరిగ్గా చేయాలి అన్నది వాళ్ల సూత్రం. పేజీ వరకు ఆ సూత్రం సరైనదే.

ఈ పత్రికలు తెలుగువాళ్లకు ఎందుకు పట్టాలో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు అప్పటికే ఉన్న మీటర్‌గేజి లైనును తీసుకుని బ్రాడ్‌గేజిగా మార్చి, ఛత్తీస్‌గఢ్ మీదుగా తూర్పుకు పొడిగించింది. భిలాయి గుండా ఇవాళ ముంబై–హౌరా బళ్లు నడిచే దారి అదే. 1902లో వాల్తేరు నుంచి కటక్ వైపు వెళ్లే తూర్పు తీరపు లైను కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. అంతటితో విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం పల్లెల కుర్రాళ్లకు ఖరగ్‌పూర్ వర్క్‌షాపు, బిలాస్‌పూర్, రాయ్‌పూర్ పక్క ఊళ్లయిపోయాయి. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ లైను కొండల మీదుగా పూర్తయ్యాక దారి మరీ దగ్గరైంది. 1944లో ప్రభుత్వం ఆ కంపెనీని తీసుకుంది. 1952లో అది తూర్పు రైల్వేలో కలిసింది, 1955లో ఆగ్నేయ రైల్వేగా మళ్లీ వేరుపడింది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వచ్చింది. బోర్డు మీద పేరు మారిన ప్రతిసారీ ఆఫీసులు మారాయి, బీరువాలు మారాయి. అలాంటి ప్రతి మార్పులోనూ 'అక్కర్లేని' కాగితాలు కొన్ని బయటికి పోతాయి. సిబ్బంది పత్రిక సర్వీసు రిజిస్టరు కాదు, ఆడిట్‌కు పనికొచ్చే ఫైలూ కాదు. పారెయ్యడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఇందులో సైన్సు ఏముందని ఈ పేజీ పాఠకులు అడగొచ్చు. చాలా ఉంది. రొనాల్డ్ సీనియర్‌వైట్ అనే కీటక శాస్త్రవేత్త ఇదే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో మలేరియా నిపుణుడిగా పనిచేశాడు. ఒక రైల్వే కంపెనీ జీతమిచ్చి దోమల శాస్త్రవేత్తను పెట్టుకున్నదంటే ఆ లైన్ల మీద జ్వరం ఎంతమందిని తిని ఉంటుందో ఊహించవచ్చు. భారత రైల్వేల మీద మలేరియా ప్రభావం గురించి 1928లో ఆయన చేసిన అధ్యయనం అచ్చయింది. జయపురం కొండల్లో ఏ దోమ జ్వరాన్ని మోస్తోందో వెతికిన పరిశోధనలూ ఆయనవి ఉన్నాయి. శాస్త్ర పత్రికల్లో దోమల పేర్లు దొరుకుతాయి. ఏ స్టేషన్ క్వార్టర్లలో దోమతెరలు ఇచ్చారు, ఏ గ్యాంగులో సగం మంది వర్షాకాలంలో సెలవు పెట్టారు, డ్రైనేజీ పని ఏ మేస్త్రీ చేశాడు, ఇవి దొరకాలంటే వెతకాల్సిన చోట్లలో సిబ్బంది పత్రిక ఒకటి. వరదకు ఏ వంతెన దగ్గర నీళ్లు పట్టాలెక్కాయి, కొత్త రకం బ్రేకు వచ్చినప్పుడు ఫిట్టర్లకు ఎలా నేర్పారు, ఇలాంటి చిన్న వార్తలు వాతావరణ చరిత్రకారుడికీ సాంకేతిక చరిత్రకారుడికీ బంగారమే.

ఇంకోపక్క మరిచిపోకూడనిది ఒకటుంది. ఇవి యాజమాన్యపు పత్రికలు. 1920లలో ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల పోరాటంలో ముందు నిలిచిన వి.వి.గిరి తరువాత రాష్ట్రపతి అయ్యారు. 1974 మేలో దేశమంతా రైలు చక్రాలు ఆగిన సమ్మె జరిగింది. ఇలాంటి వాటిని యాజమాన్యపు పత్రిక కార్మికుడి కంటితో చూస్తుందని ఎవరూ ఆశించరు. అది ఏం చెప్పలేదన్నది కూడా సమాచారమే. అందుకే యూనియన్ కరపత్రాలు ఏ ఇంట్లోనైనా ఉంటే వాటినీ ఈ కట్ట పక్కనే పెట్టాలి.

ఇప్పుడు కాగితం సంగతి. కాగితం అంటే ప్రధానంగా సెల్యులోజ్, అంటే గ్లూకోజ్ అణువులు పొడుగ్గా అల్లుకున్న గొలుసు. పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి గుడ్డపేలికల బదులు కలప గుజ్జు వాడటం పెరిగింది. సిరా పాకకుండా పటిక, రోజిన్ కలిపేవారు. పటికకు గాలిలోని తేమ తోడైతే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ గొలుసును మధ్యమధ్య తెంపుతుంది. గొలుసు పొట్టిదైనకొద్దీ కాగితం పెళుసై, మడిస్తే విరుగుతుంది. కలపలోని లిగ్నిన్‌కు వెలుతురు, గాలి తగిలితే పసుపు రంగు వస్తుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పెరిగితే కాగితం ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది సంరక్షకులు వాడే ఉజ్జాయింపు లెక్క. మే నెలలో భిలాయి ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, రేకుల కప్పు కింద అటక ఇంకా వేడెక్కుతుంది. అంటే మనం పత్రికల్ని దాస్తున్న చోటే వాటికి అన్నిటికన్నా చెడ్డ చోటు. మంచం కింది ట్రంకుపెట్టె నయం.

అయినా కంగారు అక్కర్లేదు. అమెరికాలో విలియం బారో అనే సంరక్షకుడు 1900–1949 మధ్య అచ్చైన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షించి, చాలావాటికి ఆయుష్షు మూడిందన్నట్టుగా 1959లో నివేదిక ఇచ్చాడు. గ్రంథాలయాలు భయపడిపోయాయి. మైక్రోఫిల్ము తీసేశాం కదా అని అసలు ప్రతుల్ని వదిలించుకున్న చోట్లు ఎన్నో. 2001లో నికల్సన్ బేకర్ అనే రచయిత 'డబుల్ ఫోల్డ్' పుస్తకంలో దీన్నే నిలదీశాడు. పసుపెక్కిన కాగితం అంత తొందరగా పొడైపోదనీ, పారేసిన ప్రతులు అనవసరంగా పారేసినవేననీ. బేకర్ మాటల్లో కోపం పాలు ఎక్కువే. కానీ విషయం నాకు ఒప్పుగానే తోస్తుంది. తుప్పు పట్టిన పిన్నులు జాగ్రత్తగా తీసి, సెల్లోటేపు అంటించకుండా, ప్లాస్టిక్ లామినేషన్ జోలికి పోకుండా, అట్టపెట్టెలో పరుండబెట్టి, గోడకు దూరంగా, చీకటిగా, పొడిగా ఉన్నచోట పెడితే చాలు. నిగనిగలాడే ఆర్టు కాగితం పేజీలు మాత్రం తడవకూడదు. వాటి మీది సున్నపు మట్టి పూత తడిసి ఆరితే పేజీలు ఇటుకలా అతుక్కుపోతాయి, మళ్లీ విడిపోవు.

ఫోను చాలుతుందా అన్నది చిన్న లెక్క. ఎ4 పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున పట్టాలంటే సుమారు 2,480 అడ్డం, 3,508 నిలువు, అంటే 87 లక్షల చుక్కలు. ఇవాళ మామూలు ఫోనులోనూ 12 మెగాపిక్సెల్ కెమెరా ఉంటోంది. కిటికీ పక్క నీడలో పేజీని చదునుగా పరిచి, ఫోను వంగకుండా పైనుంచి తీస్తే అక్షరాలు శుభ్రంగా చదవగలం. కట్ట మొత్తం నాకు రెండు ఆదివారాలు పట్టింది.

ఫొటోల కథ వేరు. ఆ కాలపు అచ్చులో ఫొటో అంటే నల్ల చుక్కల జల్లెడ. అంగుళానికి నూరు నుంచి నూటముప్పై చుక్కలు. గ్రూపు ఫొటోలో ఒక ముఖం వెడల్పు 4 మిల్లీమీటర్లు ఉందనుకోండి, అందులో అడ్డంగా పట్టేది పదహారు నుంచి ఇరవై చుక్కలు. అంతకు మించిన సమాచారం ఆ పేజీలోనే లేదు. ఎంత ఖరీదైన స్కానరు పెట్టినా చుక్కలే పెద్దవవుతాయి. పాత ఫొటోలకు 'ప్రాణం పోసే' కృత్రిమ మేధ యాప్‌లు ఈమధ్య అందరి చేతుల్లోనూ ఉన్నాయి. అవి చేసేది లేని కళ్లూ ముక్కూ ఊహించి అతికించడం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, ఆ ముఖం మాత్రం ఎవరిదీ కాదు. అలాంటి బొమ్మను భద్రపరిచే ప్రతిలో చేర్చకూడదు.

మరి మామ్మగారు ఎలా గుర్తుపట్టారు? దీనికి సైన్సు దగ్గర జవాబుంది. 1999లో మైక్ బర్టన్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. నాసిరకం నిఘా కెమెరా దృశ్యాల్లో తమ అధ్యాపకుల్ని చూపించి గుర్తుపట్టమన్నారు. వాళ్ల దగ్గర చదువుకున్న విద్యార్థులు చక్కగా గుర్తుపట్టారు. వాళ్లతో పరిచయం లేనివాళ్లు తడబడ్డారు, ముఖాలు పోల్చడం అలవాటున్న పోలీసు అధికారులు కూడా. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పవన్ సిన్హా బృందం, ప్రసిద్ధుల ముఖాల్ని మసకబార్చి ఏడు, పది చుక్కల స్థాయికి దించినా చూసేవాళ్లు సగానికి పైగా సరిగ్గా చెప్పగలిగారని చూపించింది. తెలిసిన ముఖం అన్నది మెదడులో వేరే రకంగా ఉంటుంది. పదహారు చుక్కల ముఖం యంత్రానికి మరక కావచ్చు, వదినగారికి మరిది. ఈ సామర్థ్యాన్ని ఏ సర్వరులోనూ దాచలేం. ఆ మనిషితోనే వెళ్లిపోతుంది.

జ్ఞాపకం తప్పు చెప్పదని కాదు. అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. పదిమందిని కూర్చోబెట్టి ఒకేసారి అడిగితే, గట్టిగా మాట్లాడేవాడి పేరే అందరి నోటా వస్తుంది. విడివిడిగా అడగాలి. ఎవరు, ఏ రోజు, ఏం చెప్పారో వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. చరోదాలో ఉంటున్న ఒక రిటైర్డు షంటరు దగ్గరికి అదే ఫొటో తీసుకెళ్లాను, మామ్మగారి సంగతి చెప్పకుండా. ఆయన అయిదుగురి పేర్లు చెప్పారు. అందులో మూడు ఆవిడ చెప్పినవే. ఒకటి ఆవిడకు తెలియని మనిషిది. ఇంకొకటి దగ్గర తేడా వచ్చింది: ఎడం కాలి మీద బరువేసిన ఆ మనిషి మామ్మగారి మరిది కాదు, ఫలానా గ్యాంగు మేటు అని ఆయన పట్టు. రెండు పేర్లూ రాసుకున్నాను. మామ్మగారికి ఇంకా చెప్పలేదు.

ఇలా సేకరించినదాన్ని ఎలా పంచాలన్నది తరువాతి ప్రశ్న. న్యూజీలాండ్ ప్రభుత్వ రైల్వే 1926 నుంచి 1940 వరకు నడిపిన 'న్యూజీలాండ్ రైల్వేస్ మ్యాగజైన్' మొత్తాన్ని వెల్లింగ్టన్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయం వెబ్‌లో ఉచితంగా పెట్టింది. పేజీల బొమ్మలతో సరిపెట్టకుండా అక్షరం అక్షరం పాఠంగా మార్చింది. ఒక పేరు కొడితే ఆ మనిషి ఉన్న సంచిక తెరుచుకుంటుంది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రజా గ్రంథాలయం 'ఫ్రిస్కో' రైల్వే కంపెనీ ఉద్యోగుల పత్రికకు ఇలాంటి సేవే చేసింది. చేసింది రైల్వే కాదు, ఆ ఊరి గ్రంథాలయమని గమనించాలి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేసి అందరికీ అందించింది. అది లేకపోతే మన సాహిత్య పరిశోధకులు సగం మంది చేతులు కట్టుకు కూర్చునేవారు. కానీ బొమ్మగా ఉన్న పేజీలో పేరు వెతకాలంటే సంచికలన్నీ తిప్పాల్సిందే. మనవడు తాత పేరు కోసం మూడు వందల సంచికలు తిప్పడు. పాఠంగా మారని స్కాను, తాళం వేసిన బీరువా కన్నా ఒక మెట్టు మాత్రమే నయం.

పాఠంగా మార్చడంలో మన తిప్పలు మనవి. రైల్వే పత్రికలు ఎక్కువగా ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటాయి. అందులో తెలుగు పేర్లు ఏమవుతాయో చూడాలి. అప్పలస్వామి ఒక సంచికలో రెండు ముక్కలు, ఇంకో సంచికలో అప్పల్‌సామి. పైడితల్లి హిందీలో పైడీతాలీ. ఇంటిపేరు ముందుండాలో వెనకుండాలో తేలక పొట్టక్షరంగా కుదించుకుపోతుంది. ఇక రావులు. ఈ ఊళ్లో తెలుగువాడు కనిపిస్తే అసలు పేరుతో పనిలేదు, రావ్ సాబ్. ఒక సంచికలో 'శ్రీ రావు గారికి వీడ్కోలు' అని ఉంది. ఏ రావు? కంప్యూటరు అక్షరాలు సరిగ్గా చదివినా ఈ ముడి విప్పలేదు. ఆ వీడ్కోలు సభలో లడ్డూలు పంచినవాళ్లే విప్పాలి.

అందుకే పాఠకులు దిద్దే వీలు మొదటి నుంచే ఉండాలి. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2008 నుంచి పాత వార్తాపత్రికల పాఠాన్ని పాఠకులే దిద్దేలా తెరిచి ఉంచింది. అదే ఏడాది అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొన్ని వేల పాత ఫొటోలను ఫ్లికర్‌లో పెట్టి, తెలిసిన వివరాలు చెప్పమంది. జనం చెప్పిన సమాచారాన్ని సరిచూసుకుని వందలాది ఫొటోల రికార్డుల్లో చేర్చుకుంది. అక్కడ ఎక్కువమంది అపరిచితుల గురించి చెప్పారు. ఇక్కడ చెప్పేది సొంత మనుషుల గురించి.

హక్కుల సంగతి చాలామంది అనుకునేంత చిక్కు కాదు. మన కాపీరైటు చట్టం ప్రకారం హక్కు ప్రభుత్వానిదైన రచనకు ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల రక్షణ. 1960లో ప్రభుత్వ రైల్వే వేసిన సంచికకు 2020తో అది తీరింది. ప్రభుత్వ రంగ సంస్థల ప్రచురణలకూ ఇదే లెక్క, కాబట్టి ఉక్కు కర్మాగారపు పాత పత్రికలకూ దారి అదే. తరువాతి సంచికలకు అనుమతి అడగాలి. బతికున్నవాళ్ల జబ్బులు, ఇంటి చిరునామాలు ఉన్న పేజీల్ని మాత్రం తొందరపడి పెట్టకూడదు.

అనుమతి అడగటానికి నేనూ వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను. అక్కడి పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడు, టీ కూడా ఇప్పించాడు. "పాత సంచికలు మా దగ్గర ఏవీ లేవండీ, గది ఖాళీ చేసినప్పుడు వేలానికి వెళ్లిపోయాయి. మీ దగ్గర ఉన్నవి ఒక కాపీ మాకిస్తారా?" అని అడిగాడు. ఇస్తానన్నాను. ఇవ్వాలి కూడా. ఇక మీదట సంస్థల బీరువాల కన్నా నెహ్రూ నగర్, చరోదా, ఖరగ్‌పూర్ ఇళ్ల అటకల మీదే ఎక్కువ సంచికలు దొరుకుతాయని నా అంచనా. సేకరణ అక్కడి నుంచే మొదలవ్వాలి. తెలుగు సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ సభలు పెడతాయి. ఆ హాల్లో ఒక మూల బల్ల వేసి, మంచి వెలుతురు, ఒక ఫోను, ఒక నోటుపుస్తకం పెడితే ఆ రోజుకు చాలు. పత్రికలు తెచ్చినవాళ్లు సాయంత్రం వాటిని తిరిగి ఇంటికి పట్టుకెళ్లవచ్చు.

ఫొటోలో ఇంకా ఇద్దరు మిగిలారు. ఒకాయన భుజం మీద తువ్వాలు, ముఖం పక్కకు తిప్పి ఉంది. ఆయన భార్య అనుకుంటున్న ఆవిడ చరోదాలోనే ఉన్నారట, గడప దాటి రాలేరట. వచ్చే ఆదివారం వెళ్దామని మామ్మగారు తయారుగా ఉన్నారు. ఫొటో ఇంకొంచెం పెద్దగా తీయించి తెమ్మన్నారు. పెద్దది చేస్తే చుక్కలే పెద్దవవుతాయి మామ్మగారూ, ముఖం తేలదు అని నా లెక్కంతా చెప్పాను.

"అవనీ బాబూ," అన్నారు, "ఆవిడికి కళ్లు ఆనవు."